కొత్త బ్యాటరీ కొనే ముందు ఆల్టర్నేటర్ వోల్టేజీ కొలవండి: మన ఎండలకు తగిన పద్ధతి

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో కారు బ్యాటరీ రెండేళ్లకే మొరాయిస్తే చాలామంది యజమానులు దాన్ని మామూలు విషయంగానే తీసుకుంటున్నారు. ఇక్కడి ఎండలకు బ్యాటరీలు అంతకాలమే వస్తాయని దుకాణాల్లోనూ చెబుతుంటారు. వేడి బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుందన్నది నిజమే. అయితే అదే ఊళ్లో, అదే ఎండలో, అదే మోడల్ కారులో ఒకరి బ్యాటరీ నాలుగేళ్లు దాటి నడుస్తుంటే మరొకరిది రెండేళ్లకే దిగిపోతోందంటే, ఆ తేడాకు కారణం చాలాసార్లు, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ నుంచి దానికి అందుతున్న వోల్టేజీలోనే ఉంటుంది. ఆ వోల్టేజీ అర వోల్టు ఎక్కువైనా తక్కువైనా కారు నడుస్తూనే ఉంటుంది, డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు కూడా వెలగదు, కానీ బ్యాటరీకి జరగాల్సిన నష్టం రోజూ జరుగుతూనే ఉంటుంది. అందుకే పాత బ్యాటరీని మార్చేసే ముందు ఒక డిజిటల్ మల్టీమీటరుతో ఏమేం కొలవాలో, వచ్చిన అంకెలను మన వాతావరణానికి తగినట్టు ఎలా చదువుకోవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పద్నాలుగు వోల్టుల చుట్టూ ఎందుకు?

మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే పిలిచే ఆల్టర్నేటర్ ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది. దాని రోటరుకు కార్బన్ బ్రష్షుల ద్వారా కొద్దిపాటి కరెంటు అందితే పుట్టే అయస్కాంత క్షేత్రం చుట్టూ ఉన్న వైండింగులో మూడు ఫేజుల ఏసీ కరెంటును పుట్టిస్తుంది, లోపలి డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. ఇంజిన్ వేగం ఎంత మారినా వోల్టేజీ హద్దులో ఉండేలా రోటరుకు వెళ్లే కరెంటును పెంచుతూ తగ్గిస్తూ ఉండేది రెగ్యులేటరు. చాలా కార్లలో రెగ్యులేటరు, బ్రష్షులు ఒకే ముక్కగా ఆల్టర్నేటర్ వెనక బిగించి ఉంటాయి.

పన్నెండు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు సెల్లులు ఉంటాయి. పూర్తిగా చార్జయి విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక్కో సెల్లు సుమారు 2.1 వోల్టులు, మొత్తం మీద 12.6 నుంచి 12.7 వోల్టులు చూపుతుంది. దానిలోకి కరెంటును ఎక్కించాలంటే అంతకన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. అలాగని ఎంతైనా ఇవ్వకూడదు. పాతిక డిగ్రీల వేడి దగ్గర ఒక్కో సెల్లు 2.4 వోల్టులను, అంటే మొత్తం 14.4 వోల్టులను దాటితే లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోవడం వేగం పుంజుకుంటుంది. మామూలు బ్యాటరీ ఉన్న కార్లలో చార్జింగు వోల్టేజీని 13.8 నుంచి 14.5 మధ్య ఉంచేది ఈ రెండు అవసరాల మధ్య కుదిర్చిన రాజీగానే.

వోల్టేజీ తక్కువైతే జరిగే నష్టం వేరు, ఎక్కువైతే జరిగే నష్టం వేరు. తక్కువైతే బ్యాటరీ రోజూ అరకడుపుతో పనికి వెళ్లే మనిషిలా అయిపోతుంది. డిశ్చార్జి అయినప్పుడు పలకల మీద ఏర్పడే లెడ్ సల్ఫేటు పూర్తి చార్జింగు దొరికితేనే కరిగి తిరిగి క్రియాశీల పదార్థంగా మారుతుంది. ఆ చార్జింగు వారాల తరబడి దొరక్కపోతే అది గట్టి స్ఫటికాలుగా పేరుకుపోయి, ఆ తర్వాత ఎంత చార్జి చేసినా కరగదు. ఎక్కువైతే నీరు ఆవిరై పలకలు పైకి తేలతాయి, పాజిటివ్ పలకల లోపలి సీసపు జాలీ తుప్పుపట్టి పొడిబారుతుంది. ఈ రెండు రోగాల్లోనూ బయటికి కనిపించే లక్షణం మాత్రం ఒక్కటే, పొద్దున్నే సెల్ఫ్ లాగదు. అందుకే లక్షణాన్ని చూసి ఊహించడం కాక, కొలిచి తెలుసుకోవాలి.

మన ఎండలకు తగిన లెక్క

బ్యాటరీ వేడెక్కేకొద్దీ దానికి ఇవ్వాల్సిన చార్జింగు వోల్టేజీ తగ్గుతుందన్న విషయం నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు మిగతా వారికన్నా ముఖ్యం. పన్నెండు వోల్టుల బ్యాటరీకి ఒక్కో డిగ్రీ వేడి పెరిగినప్పుడు సుమారు 0.02 వోల్టుల చొప్పున, అంటే పది డిగ్రీలకు 0.2 వోల్టుల చొప్పున తగ్గించాలి. పాతిక డిగ్రీల దగ్గర 14.4 సరిపోయే బ్యాటరీకి 45 డిగ్రీల దగ్గర 14.0 చాలు. రోహిణీ కార్తెలో బయట నలభై దాటిన వేళ, ఒంగోలు నుంచి కావలి దాకా హైవే మీద వచ్చి టోల్‌గేటు దగ్గర వరుసలో ఆగిన కారు బోనెట్ కింద బ్యాటరీ ఆ వేడిని సులభంగానే చేరుతుంది. ఆ సమయంలో మీటరు 14.6 చూపిస్తే, హద్దును కాస్తే దాటిందని ఊరుకోకూడదు. డిసెంబరు తెల్లవారుజామున మొదటిసారి స్టార్టు చేసినప్పుడు అదే 14.6 కనిపిస్తే కలవరపడాల్సిన పనిలేదు.

చాలా రెగ్యులేటర్లు వేడిని బట్టి వోల్టేజీని తగ్గిస్తాయి. అయితే ఆల్టర్నేటర్ లోపల ఉన్న రెగ్యులేటరుకు తెలిసేది తన వేడి మాత్రమే, బ్యాటరీ వేడి కాదు. ఈ మధ్య వచ్చిన కొన్ని కార్లలో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీదే చిన్న సెన్సారు పెట్టి ఈ లోటు తీర్చారు. మన దగ్గర తిరుగుతున్న పాత కార్లలో అలాంటి ఏర్పాటు తక్కువ. కాబట్టి మామూలు బ్యాటరీ ఉన్న పాత కారులో, వేసవి మధ్యాహ్నం ఇంజిన్ బాగా వేడెక్కాక 13.8 నుంచి 14.2 మధ్య కనిపిస్తే నేను తృప్తి పడతాను. వేడెక్కాక కూడా 14.5 దాటి నిలిస్తే అనుమానిస్తాను. ఎప్పుడైనా సరే 14.8 దాటితే రెగ్యులేటరును చూపించాల్సిందే.

కొలిచే ముందు జాగ్రత్తలు

బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ నిప్పు తగిలితే పేలుతుంది, కాబట్టి దగ్గర్లో బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల ఉండకూడదు. చేతికి ఉన్న ఇనుప గొలుసు గడియారం, ఉంగరాలు తీసేయాలి. ఇంజిన్ నడుస్తుండగా వంగి చూసేటప్పుడు భుజం మీది తువ్వాలు, చున్నీ, పొడవాటి చేతులు బెల్టుకు అందకుండా చూసుకోవాలి. రేడియేటరు ఫ్యాను ఏ క్షణంలోనైనా దానంతటదే తిరుగుతుందని గుర్తుంచుకోవాలి.

మల్టీమీటరును డీసీ 20 వోల్టుల స్థానంలో పెట్టండి. ఎర్ర వైరు వోల్టుల రంధ్రంలోనే ఉందో లేదో తప్పకుండా చూడండి. అది పది ఆంపియర్ల రంధ్రంలో ఉండగా బ్యాటరీకి ఆనిస్తే నేరుగా షార్టు చేసినట్టే.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ తీసేసి, బండి ఆగకపోతే డైనమో బాగుందని తేల్చే పాత అలవాటు ఒకటి ఇంకా అక్కడక్కడా కనిపిస్తోంది. దయచేసి మీ కారు మీద ఎవరినీ అలా చేయనివ్వకండి. బ్యాటరీ ఉన్నట్టుండి తెగిపోతే ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్క క్షణంలో పదుల వోల్టులకు ఎగబాకుతుంది. ఆ దెబ్బకు ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు గానీ, ఆల్టర్నేటర్ డయోడ్లు గానీ కాలిపోతే అయ్యే ఖర్చు బ్యాటరీ ఖరీదును చాలా దూరం దాటిపోతుంది.

కొలతలు

మొదటి కొలత రాత్రంతా ఆగి ఉన్న కారు మీద, పొద్దున్నే తలుపు తీయకముందే బోనెట్ ఎత్తి చేసుకోగలిగితే మంచిది. అంత వీలు లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి ఆర్పి, కొద్దిసేపు ఆగి కొలిస్తే పలకల పైపైన నిలిచిన చార్జి పోయి అసలు విలువ తెలుస్తుంది. మీటరు మొనలను వైరు క్లాంపు మీద కాకుండా బ్యాటరీ సీసపు టెర్మినల్ మీదే ఆనించాలి. 12.6 దాటి ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పాతిక వంతు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు వంతు, అంతకు దిగువ అయితే దాదాపు ఖాళీ అయినట్టు. రోజూ తిరిగే కారులో ప్రతి ఉదయం 12.3 లోపే కనిపిస్తుంటే దానికి చార్జింగు చాలడం లేదు, లేదా కారు ఆగి ఉన్నప్పుడు ఏదో కరెంటు తాగుతోంది.

తర్వాత మరొకరిని సెల్ఫ్ కొట్టమని, ఆ రెండు మూడు సెకన్లు మీటరును గమనించండి. వోల్టేజీ పడిపోవడం సహజం. మన వెచ్చటి వాతావరణంలో అది 10 వోల్టుల కిందికి జారితే బ్యాటరీ బలం తగ్గినట్టే.

అసలు కొలత ఇంజిన్ నడుస్తున్నప్పటిది. స్టార్టు చేసిన వెంటనే కనిపించే అంకెను మొదట రాసుకోండి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక మళ్లీ రాసుకోండి. అప్పుడు హెడ్‌లైట్లు హైబీమ్‌లో పెట్టి, ఏసీ బ్లోయరు పూర్తిగా తిప్పి, వెనక అద్దం హీటరు ఉంటే అదీ వేసి, యాక్సిలరేటరును నిలకడగా నొక్కి పట్టి ఇంజిన్‌ను నిమిషానికి 1500 నుంచి 2000 చుట్ల మధ్య ఉంచి కొలవండి. ఇంత భారం మీద కూడా 13.5 కన్నా తగ్గకూడదు. ఐడిల్‌లో కాసేపు 13.2 దాకా దిగినా అది తప్పు కాదు. వేగం పెంచినా అక్కడే ఉండిపోతే మాత్రం బెల్టు జారుతోందో, బ్రష్షులు అరిగాయో, ఒక డయోడు పోయిందో, వైరింగులో వోల్టేజీ పడిపోతోందో తేల్చుకోవాలి.

వీటిలో మన తీరప్రాంతంలో ఎక్కువగా పట్టించుకోకుండా వదిలేసేది చివరిదే కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుతాను. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల దగ్గరికి రోజూ తిరిగే ఒక కారులో బ్యాటరీ దగ్గర లైట్లు వేసి కొలిస్తే 13.4 చూపింది. అదే సమయంలో ఆల్టర్నేటర్ వెనక ఉండే లావుపాటి వైరు బోల్టుకూ ఆల్టర్నేటర్ బాడీకీ మధ్య కొలిస్తే 14.2 ఉంది. అంటే డైనమో తన పని తాను చేస్తోంది, దారిలో 0.8 వోల్టులు మాయమవుతున్నాయి. ఎర్ర మొన ఆల్టర్నేటర్ బోల్టుకు, నల్ల మొన బ్యాటరీ పాజిటివ్‌కు పెట్టి చూస్తే 0.1 మాత్రమే వచ్చింది. ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు కొలిస్తే 0.7 వచ్చింది. ఇంజిన్‌ను కారు బాడీతో కలిపే అల్లిక రాగి పట్టీని విప్పితే, బోల్టు వాషరు కింద పచ్చటి చిలుము పొరలా పట్టి, పట్టీ పోగులు సగం తెగి ఉన్నాయి. పట్టీ మార్చి, బాడీ మీద బోల్టు కూర్చునే చోట ఇనుము మెరిసే దాకా గరుకు కాగితంతో రుద్ది బిగించాక బ్యాటరీ దగ్గర 14.1 వచ్చింది. ఆ కారుకు అంతకు ముందే ఆల్టర్నేటర్ మార్చాలని ఖర్చు లెక్క వేసి ఇచ్చారు.

లైట్లు, బ్లోయరు వేసి ఉన్నప్పుడు ఈ రెండు దారుల్లో ఏ ఒక్కదానిలోనూ 0.2 వోల్టులకు మించి పోకూడదు. మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు తిరిగే కార్లకు ఉప్పు గాలి వల్ల ఈ పరీక్ష ఏడాదికి ఒకసారైనా అవసరం. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో, సెల్లుల మూతలు గట్టిగా బిగించి ఉండగా కడిగి, ఆరాక బిగించి, పైన వ్యాజిలైన్ పల్చగా రాయాలి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు తీయాలి, బిగించేటప్పుడు నెగెటివ్ చివర బిగించాలి.

డయోడును పరీక్షించడానికి మీటరును ఏసీ వోల్టుల స్థానానికి తిప్పి, ఇంజిన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ మీదే కొలవాలి. అర వోల్టు దాటితే డయోడు దెబ్బతిన్నట్టు అనుమానించవచ్చు. చవక మీటర్లు కొన్ని డీసీనే ఏసీగా లెక్కగట్టి ఇరవై ఎనిమిది వోల్టుల వంటి అర్థం లేని అంకె చూపుతాయి. మొనలు తారుమారు చేస్తే ఆ అంకె సున్నా అయితే, ఆ మీటరు ఈ ఒక్క పరీక్షకు పనికిరాదు. పోయిన డయోడు రాత్రిపూట బ్యాటరీ నుంచి కరెంటును వెనక్కి కూడా లాగేయగలదు. ఆగి ఉన్న కారు, తాళం వేసి కాసేపయ్యాక, సుమారు 50 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోకూడదు.

అంకెలు చెప్పనిది నీళ్లు చెబుతాయి

మూతలు తీయగలిగే బ్యాటరీ అయితే ఆరు సెల్లులనూ చూడండి. అన్నిటిలోనూ సమానంగా, తరచుగా నీరు తగ్గుతుంటే చార్జింగు వోల్టేజీ ఎక్కువగా ఉంది. ఒక్క సెల్లులోనే తగ్గుతుంటే ఆ సెల్లు పోయింది, వోల్టేజీని సరిచేసినా ఆ బ్యాటరీ నిలవదు. ఒక సెల్లు షార్టయిన బ్యాటరీ విశ్రాంతిలో పది వోల్టుల చుట్టుపక్కలే తిరుగుతుంది కూడా. కుళ్లిన గుడ్ల వాసన వస్తే, డబ్బా పక్కలు ఉబ్బితే, పైభాగం ఎప్పుడూ తడిగా ఉంటే ఇంజిన్ ఆపి, బోనెట్ ఎత్తి దూరంగా ఉండండి. ఆ వాయువును పీల్చకూడదు.

యాసిడ్ సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు ఉంటే పని మరింత సులువు. నిండు బ్యాటరీలో యాసిడ్ సాంద్రత సాధారణంగా 1.260 నుంచి 1.280 మధ్య ఉంటుంది, వేడి ప్రాంతాల కోసం చేసిన కొన్నిటిలో కాస్త తక్కువ ఉంటుంది. సెల్లుకూ సెల్లుకూ మధ్య 0.050 తేడా కనిపిస్తే బ్యాటరీ చివరి దశలో ఉన్నట్టే.

పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో లవణాలు, ఫ్లోరైడు ఎక్కువని అక్కడి వారికి చెప్పనక్కరలేదు. తీర గ్రామాల నీళ్లలో ఉప్పు ఉంటుంది. ఇవి పలకలను శాశ్వతంగా పాడుచేస్తాయి. తాగడానికి తెచ్చుకునే క్యాను నీళ్లు కూడా దీనికి పనికిరావు. పలకలు బయటపడి ఉంటే అవి మునిగేంత మాత్రమే ముందు పోసి, మిగతాది చార్జి అయ్యాక పోయాలి. యాసిడ్ కలపకూడదు, ఎందుకంటే ఆవిరైపోయింది నీరే గానీ యాసిడ్ కాదు.

కొత్త తరహా కార్లలో అంకెలు మారుతుంటాయి

ఆల్టర్నేటర్‌ను ఇంజిన్ కంప్యూటరే అదుపు చేసే కార్లలో పై హద్దులను ఉన్నదున్నట్టు వాడకూడదు. నిలకడగా వెళ్తున్నప్పుడు ఇంధనం ఆదా కోసం చార్జింగును 12.8 దాకా దించడం, యాక్సిలరేటరు వదిలి బండి నెమ్మదించేటప్పుడు 14.8 పైదాకా పెంచడం వీటిలో మామూలే. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తానే ఆగిపోయే కార్లు చాలావరకు ఈ కోవకే వస్తాయి. ఇలాంటి కారులో తక్కువ అంకె చూసి కంగారు పడకుండా, హెడ్‌లైట్లు వేసి, ఎక్కువసేపు గమనించి, పొద్దున్నే విశ్రాంతి వోల్టేజీ ఎలా ఉందో చూసి నిర్ణయించుకోవాలి. వీటికి కంపెనీ, తరచూ స్టార్టు చేయడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ అనే రకం బ్యాటరీ ఇచ్చి ఉంటుంది. దాని స్థానంలో ధర తక్కువని మామూలు బ్యాటరీ పెడితే తొందరగా పోతుంది. కొన్ని మోడళ్లలో కొత్త బ్యాటరీ పెట్టిన సంగతిని కంప్యూటరుకు నమోదు చేయించాలి కూడా.

చార్జింగు సరిగ్గానే ఉన్నా బ్యాటరీ నిండకపోతే

నెల్లూరులో మాగుంట లేఅవుట్ నుంచి ట్రంకు రోడ్డు దాకా, ఏసీ వేసుకుని, ట్రాఫిక్‌లో ఆగుతూ పోయే కారుకు 14.2 అందుతున్నా సెల్ఫ్‌కు ఖర్చయినది తిరిగి రావడానికే ఆ సమయం సరిపోతుంది. బ్యాటరీ ఎనభై శాతం దాటాక చివరి భాగం చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, దానికి గంటలు పడుతుంది. వారానికి ఒకసారి గూడూరు దాకానో కావలి దాకానో వెళ్లి రావడం మంచిదే గానీ, ఆ ఒక్క ప్రయాణంతో పూర్తిగా నిండుతుందని అనుకోకూడదు. తక్కువ దూరాలే తిరిగే కార్లకు రెండు మూడు నెలలకు ఒకసారి, వోల్టేజీని తానే అదుపు చేసుకునే చిన్న చార్జరుతో రాత్రంతా చార్జి చేయడం నా అభిప్రాయంలో ఖర్చుకు తగిన పని.

పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని తోసి స్టార్టు చేసి, ఇక ఆల్టర్నేటరే నింపుతుందని వదిలేయడం రెండింటికీ చేటు. ఖాళీ బ్యాటరీ ఒక్కసారిగా లాగే కరెంటుకు ఆల్టర్నేటర్ వేడెక్కి, అసలే వేడిగా ఉన్న బోనెట్ కింద డయోడ్లు దెబ్బతింటాయి. 45 ఆంపియర్ గంటల బ్యాటరీని బయటికి తీసి 4 నుంచి 5 ఆంపియర్ల మీద నెమ్మదిగా చార్జి చేయించడమే సరైన పద్ధతి.

రెగ్యులేటరు తప్పని తేలితే ఆల్టర్నేటర్ మొత్తం మార్చక్కర్లేదు. ఆటోనగర్‌లోని ఆటో ఎలక్ట్రీషియన్లు రెగ్యులేటరు, బ్రష్షులు, డయోడ్ ప్లేటు విడివిడిగా మార్చగలరు. వేసినదాన్ని డబ్బు చెల్లించే ముందే, ఇంజిన్ వేడిగా ఉండగా, లైట్లు వేసీ వేయకుండా మీ ఎదుటే కొలిపించండి. కొత్త రెగ్యులేటరు వేడి మీద కూడా 14.7 దగ్గర నిలిస్తే ఆ ముక్కను వెనక్కి ఇచ్చి వేరేది అడగడం మీ హక్కు.

కొత్త బ్యాటరీ పెట్టిన రోజున విశ్రాంతి వోల్టేజీ, వేడి ఇంజిన్ మీద చార్జింగు వోల్టేజీ, లైట్లతో వచ్చిన వోల్టేజీ అనే మూడు అంకెలను తేదీతో సహా వారంటీ కార్డు వెనక రాసి పెట్టుకోండి. మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి అవే మూడు కొలిచి పక్కనే రాయండి. చార్జింగు లోపం వల్ల పోయిన బ్యాటరీకి వారంటీ వర్తించదని చాలా కార్డుల మీద అచ్చువేసి ఉంటుంది. రెండో ఏట బ్యాటరీ మొరాయించి దుకాణానికి వెళ్లినప్పుడు లోపం కారుదా, బ్యాటరీదా అన్న వాదన వస్తే మీ చేతిలో ఉండే ఆధారం ఆ వరుస అంకెలే.